సంతకాలు మాయమయ్యే గది

మా మేనమామ వాళ్ళ మేడగది ఊసెత్తితే చాలు, ఆ వీధిలో జనం గొంతు తగ్గించేస్తారు. పొద్దుగూకాక పిల్లల్ని ఆ గోడవారగా నడవనివ్వరు. "ఆయన ఇంకా పైనే ఉన్నాడమ్మా..." అంటుంది పాలావిడ. తెల్లవారకముందే ఆ కిటికీ దానంతటదే తెరుచుకోవడం కళ్ళారా చూసిందట. ఆవిడ గోరంత చూస్తే కొండంత చెబుతుందనుకోండి, అది వేరే సంగతి. దెయ్యాలంటే నాకూ నమ్మకం లేదు. కానీ ఇది మా వదిన చెప్పిన మాట, ఆవిడకి కట్టుకథలు చేతకావు.

వదినంటే ఆ మావయ్య కూతురే. మావయ్యని వీధిలో అందరూ 'గడ్డాలాయన' అనేవారు. నిజానికి ఆయనకి మీసం కూడా ఉండేది కాదు! గడ్డాలన్నీ గోడ మీదే. లోకాన్ని మార్చిన తత్వవేత్తలు, దేవుడున్నాడా లేడా అని జుట్టు పీక్కున్న పెద్దపెద్ద బుర్రలు... వాళ్ళ పాతకాలపు ఫోటోలు, కింద వాళ్ళ చేత్తో పెట్టిన సంతకాలతో సహా ఏరేరి పోగేశాడు. సంతకం లేని ఫోటో ఎవరైనా తెస్తే ముట్టుకునేవాడు కాదు. "నాకు గడ్డాలున్న సవతులమ్మా," అని నవ్వేది అత్తయ్య.

ఎండ తగిలితే సిరా వెలిసిపోతుందని ఆ గది తూర్పు కిటికీకి నల్లటి తెర కట్టాడు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ అత్తయ్య ఆ కిటికీ తెరిచి ఎరగదు. తెరిస్తే ఇల్లు ఎగిరిపోయేది మరి.

ఆయాసం ముదిరాక మావయ్య మంచం ఆ గదిలోకే మార్పించుకున్నాడు. అక్కడే పోయాడు. వదిన అప్పుడు ఆసుపత్రి ల్యాబులో డ్యూటీలో ఉంది. వచ్చి చూసింది. ఏడవలేదు. ఆ తర్వాతా ఏడవలేదు. తినమంటే తినేది, వెళ్ళమంటే వెళ్ళేది. సాయంత్రం డ్యూటీ, అర్ధరాత్రి ఇంటికి రావడం, బారెడు పొద్దెక్కేదాకా పడుకోవడం. "లోపల ఏమీ లేదే, ఖాళీ డబ్బా," అనేది నాతో.

అలా ఉండగా, పగిలిన అద్దం మార్చడానికి వచ్చిన ఫ్రేములాయన పైకెళ్ళి, వెళ్ళినంత వేగంగా దిగొచ్చాడు.

"అమ్మా... సంతకాలు ఏవీ?"

ముఖాలు అలాగే ఉన్నాయి. సంతకాలే లేవు. కళ్ళకి ఆనించుకుని చూస్తే పెన్ను ఒత్తిన గీత కనిపిస్తోంది, సిరా లేదు. నల్ల తెర మాత్రం వేసినట్టే ఉంది. ఆ వీధికి ఇంకేం కావాలి? ఒక్కొక్కటే చెరిపి వెంట తీసుకుపోతున్నాడన్నారు.

వదినకి భయం వెయ్యలేదట. నాన్నది అంటూ మిగిలింది ఆ గోడే, అదీ పోతోందన్న దిగులొకటే. సెలవు పెట్టి, అత్తయ్యకి చెప్పకుండా, ఆ రాత్రి పైకెళ్ళి బీరువా పక్కన నేల మీద కూచుంది. దెయ్యమైనా సరే, నాన్నయితే చాలు అనుకుంది.

దీపం లేదు. గోడ నిండా ముఖాలు... అన్నీ తనవైపే. ఎక్కడో చెక్క చిటుక్కుమంది. మళ్ళీ నిశ్శబ్దం. రాత్రంతా ఏమీ రాలేదు. ఇక కళ్ళు మూతలు పడుతుండగా—

టప్... టప్...

మెట్ల మీద చెప్పుల చప్పుడు. నాన్న తోలు చెప్పులవి. అడుగు ఊడిన ఆ చప్పుడు ఇంకెవరిదీ కాదు.

తలుపు తెరుచుకుంది. నాన్న బూడిదరంగు స్వెట్టరు... ఆ ఆకారం మంచం దాటి, కిటికీ దగ్గరికెళ్ళి, తెర పక్కకి లాగింది.

"నాన్నా..." అంది వదిన.

ఆకారం ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. అత్తయ్య!

"ఓసి నీ... గుండె ఆగిపోయేదే!"

"నువ్వేంటమ్మా? ఎండ పడితే సంతకాలు పోతాయని తెలీదా?"

"తెలీకేం. కాపురమంతా అదేగా విన్నాను." అత్తయ్య కిటికీకి ఒక రెక్క తీసింది. బయట అప్పుడే తెల్లవారుతోంది. "ఆ రోజు కిటికీ తియ్యవే అన్నారు. కాస్త వెలుతురు చూస్తానన్నారు. నేను తియ్యలేదు. సంతకాలు పోవూ, రేపు లేచి నన్నే తిడతారు అన్నాను. మళ్ళీ అడిగారు. మందు తెస్తానని కిందికి దిగాను..."

అత్తయ్య ఖాళీ మంచం వైపు చూసింది.

"చీకట్లో పోయారే మీ నాన్న. అందుకే రోజూ తీస్తున్నా. నువ్వు లేచేలోగా మూసేస్తున్నా. చూసుకోనీ."

కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పిందట అత్తయ్య. వదినకి ఇప్పుడైనా ఏడుపు వస్తుందేమో అనిపించింది. రాలేదు.

ఎండ సన్నగా లోపలికి వచ్చింది. వదిన లేచి బీరువా తీసింది. అందులో గుడ్డ చుట్టిన ఫోటో ఒకటి ఉంది. మావయ్యకి మొట్టమొదట దొరికింది అదే. గోడకి కూడా తగిలించనివ్వలేదు, అంత ప్రాణం. సంతకం నిన్న పెట్టినట్టుంది.

వదిన గుడ్డ విప్పి, ఆ ఫోటోని ఖాళీ మంచం మీద, సరిగ్గా ఎండ పడే చోట, దిండుకి ఆనించి పెట్టింది.

"ఆ రెండో రెక్క కూడా తియ్యమ్మా," అంది.