కోచ్ గారి వానపాములు

జిమ్ కోచ్ లిఫ్టు తలుపు మామూలుగా తెరవడు. నలుగురూ చప్పట్లు కొట్టాలన్నట్టు తెరుస్తాడు. ఆ రోజూ అలాగే భుజంతో ఒక్క తోపు తోశాడు. బయట నిలబడ్డ ఎదురింటి అమ్మాయి ఎగిరి కింద పడింది. కుడి మణికట్టు విరిగింది.

మర్నాడు పళ్లు పట్టుకుని వెళ్లాడు. రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసే ఆ అమ్మాయి, కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని తలుపు తీసింది.

"సారీ అండీ. ఏ సాయం కావాలన్నా మొహమాటపడకండి."

"పడను. చెయ్యి బాగయ్యేదాకా మా పిల్లలిద్దరికీ సాయంత్రం మీరే తినిపించాలి."

కోచ్ మొహంలో కళ తప్పింది. "మీకు... పిల్లలున్నారా?"

"లోపలికి రండి, చూపిస్తాను."

గాజు తొట్టెలో ఆక్సలాటిల్స్ అనే నీటి జీవులు రెండున్నాయి, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. జానెడు పొడవు, కాళ్లు మొలిచిన చేపల వాలకం, మెడకు రెండు పక్కలా కుచ్చుల్లాంటి మొప్పలు, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే నోరు. కోచ్‌కు ప్రాణం లేచొచ్చింది. ఆమె మట్టి నింపిన డబ్బా మూత తీయగానే అది మళ్లీ పోయింది. లోపల వానపాములు మెలికలు తిరుగుతున్నాయి.

"ఒకదాన్ని కడిగి, పట్టకారుతో పట్టుకుని, వాటి నోటి ముందు ఆడించండి. అంతే."

"ప్రాణంతోనా? పాపం కదండీ!"

"రోజూ డబ్బా నిండా చికెన్ పట్టుకెళ్తారే, కోడి ఇష్టపడి దూకిందా అందులోకి?"

కోచ్ కళ్లు గట్టిగా మూసుకుని పట్టకారు నీళ్లలో పెట్టాడు. తెల్లది గబుక్కున నోరు తెరిచి వానపామును లాగేసుకుంది. కోచ్ కెవ్వుమని సోఫా ఎక్కాడు.

పక్కగదిలోంచి ఆమె తల్లి అడిగింది. "ఎవరే ఆ అరిచిన అమ్మాయి?"

అయినా రోజూ వచ్చాడు. గడ్డం దువ్వుకుని, సెంటు కొట్టుకుని మరీ వచ్చాడు.

"వానపాములు చూడ్డానికి ఇంత ముస్తాబా?" అనేది ఆమె. కోచ్ తొట్టెలోకి వంగి పట్టకారు ఆడించేవాడు.

ఒకరోజు అతను మరిచిపోయిన ఫోన్ ఇవ్వడానికి ఆమె జిమ్‌కు వెళ్లింది. లోపల కోచ్ శిష్యులకు కథ చెబుతున్నాడు.

"డేంజరస్ జంతువులు! మెరుపులా మీదికొస్తాయి. ఆ అమ్మాయి వణికిపోతుంటే, నేనే కదా..."

"ఫోన్ అండీ," అంది ఆమె వెనకనుంచి. "నిన్న మళ్లీ కెవ్వుమని సోఫా ఎక్కారే, అప్పుడు జారినట్టుంది."

జిమ్మంతా ఘొల్లుమంది.

ఆ సాయంత్రం కోచ్ రాలేదు. బయట వాన దంచేస్తోంది. ఆమె ఎదురుచూసి, చూసి, ఎడమచేత్తో తనే డబ్బా ఎత్తింది. అది జారి బోర్లాపడింది.

తల్లి కేకలకు ఎదురింటి తలుపు తెరుచుకుంది. "బాబూ! పరిగెత్తుకు రా! పురుగులు ఇల్లంతా పాకుతున్నాయి!"

కోచ్ వచ్చాడు. తల్లి కుర్చీ మీద నిలబడి ఉంది. కూతురు నేలమీద కూలబడి ఉంది.

"ఏం, మీ పిల్లలకు వేరే ట్రైనర్ దొరకలేదా?" అన్నాడు కోచ్.

"ఉన్నవాడు అలిగాడు."

కోచ్ బోర్లా పడుకుని సోఫా కింద చెయ్యి పెట్టాడు. పట్టకారు అందలేదు. ఉత్త వేళ్లతోనే ఒక్కొక్కదాన్నీ ఏరుతూ, మూలుగుతూ డబ్బాలో వేశాడు.

"ఇంత అసహ్యమైతే రోజూ ఎందుకొచ్చారు?"

"చెయ్యి విరగ్గొట్టింది నేనే కదా."

"కట్టు విప్పేశాక ఇక రారన్నమాట."

"చెప్తే నవ్వుతారు."

"నవ్వుతాను. అయినా చెప్పండి."

సోఫా కిందినుంచే జవాబొచ్చింది. "వానపాములంటే అసహ్యం. మీరంటే ఇష్టం. రెండూ ఒకే ఇంట్లో ఉంటే నేనేం చెయ్యను?"

ఆమె నవ్వలేదు. "జిమ్‌లో అందరి ముందూ నేనలా అనుండకూడదు. కానీ వణికింది నేనా?"

"కాదు. నేనే."

"ఆ మాట రేపు జిమ్‌లో చెప్పండి. అప్పుడు నాకూ ఇష్టమేనని అమ్మతో చెప్తాను."

"చెప్పక్కర్లేదు, విన్నాను," అంది తల్లి కుర్చీ మీదనుంచి. "బాబూ, ముందు ఈ కుర్చీ కాలు పట్టుకుని పాకుతున్నదాన్ని తియ్యి. పెళ్లి మాట కిందికి దిగాక మాట్లాడుకుందాం."