సగం దించిన షట్టరు

మొగుడు తాగేసిన టీ గ్లాసును పొద్దున్నే వాసన చూడటం ఆమెకు అలవాటైపోయింది. ఆయన మందు మానేసి నెలలు గడిచాయి. అయినా ఆమె ముక్కుకి సెలవు దొరకలేదు. తాగుబోతుతో అన్నేళ్లు కాపురం చేసిన ముక్కు మరి, ఊరికే ఉంటుందా!

"ఏం వాసనొస్తోంది?" అన్నాడాయన గుమ్మంలోంచి.

"టీ వాసన," అందామె ముఖం తిప్పుకుని.

టీ వాసనే. కానీ బల్ల మీద టీ ఒలికిన మరక ఉంది. నిన్నా ఉంది. మనిషి సరిగ్గా నిద్రపోడు, చీటికీమాటికీ కసురుకుంటాడు, చెప్పింది చెప్పగానే మరిచిపోతాడు. తాగే రోజుల్లోనూ అచ్చం ఇంతే. మళ్లీ ముట్టుకుంటే పిల్లను తీసుకుని అన్నయ్య దగ్గరికి వెళ్లిపోతానని ఆమె ఎప్పుడో తేల్చి చెప్పేసింది.

"అమ్మా, నా పుట్టినరోజుకి తెచ్చిన బెలూన్లు సగం లేవు," అంది కూతురు బడి సంచి సర్దుకుంటూ.

"నీ బెలూన్లు ఎవరికి కావాలే? సరిగ్గా వెతుక్కో."

ఆయన గబగబా చెప్పులేసుకుని తన సెలూన్‌కి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం పక్కింటావిడ వచ్చింది. "మా ఆయన గడ్డం గీయించుకుందామని వెళ్తే రేపు రమ్మన్నాడట మీ ఆయన. రోజూ ఈ వేళకి షట్టరు సగం దించేస్తున్నాడట కదా?"

అనుకున్నంతా అయింది. ఆమె తనవీ పిల్లవీ బట్టలు సంచిలో కుక్కి, ఆ సంచితోనే సెలూన్‌కి నడిచింది.

షట్టరు దగ్గర వంగి చెవి ఒగ్గింది. లోపల టప్పుమని చప్పుడు. సీసా మూత చప్పుడు ఆమెకు తెలియనిదా! షట్టరును ఒక్క ఊపున పైకి లేపింది.

"ఎక్కడ దాచారు? తియ్యండి బయటికి."

ఆయన చేతిలో గడ్డం కత్తి ఉంది. ముఖమంతా, చొక్కా అంతా సబ్బు నురగ. నేల మీద పగిలిన బెలూను ముక్కలు, ఎర్రవీ పచ్చవీ.

"ఏంటిది?"

"పని నేర్పేటప్పుడు మా గురువు బెలూనుకి నురగ రాసి గీయమనేవాడు. అది పగలకుండా గీస్తేనే మనిషి గడ్డం ముట్టుకోనిచ్చేవాడు." ఆయన తల దించుకున్నాడు. "చెయ్యి వణుకుతోందే. మానేస్తే తగ్గుతుందనుకున్నా. కొందరికి ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటుంది, ఓపిక పట్టమన్నాడు డాక్టరు. ఒక్క గుక్క పడితే కుదురుకుంటుందని నాకు తెలుసు. నా భయమంతా అదే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నమ్మేదానివా? గ్లాసు వాసన చూస్తుంటే చూస్తూనే ఉన్నా కదా."

ఆ మాటకి ఆమెకి సిగ్గుతో, జాలితో కళ్లు నిండిపోయాయి. ఆయన చూపు సంచి మీద పడింది.

"వెళ్లిపోతున్నావా?"

ఆమె సంచిని కుర్చీ కిందికి తోసేసింది. షట్టరును మళ్లీ సగం దించింది. మిగిలిన బెలూన్లలోంచి ఒకటి ఊది, ముడేసి, నురగ రాసి, కుర్చీలో కూర్చుని రెండు చేతులతో పట్టుకుంది.

"నీ చేతికి తగులుతుందే," అన్నాడాయన.

"తగిలితే తగిలింది. మెల్లిగా గీయండి."

కత్తి కొంత దూరం బాగానే నడిచింది. తర్వాత వణికింది. బెలూను పగిలి ఇద్దరి ముఖాల మీదా నురగ చిందింది. ఆయన బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. ఆమె కొంగుతో ముందు ఆయన ముఖం తుడిచింది, తర్వాత తన కళ్లు తుడుచుకుంది.

"ఉండండి, ఇంకోటి ఊదుతా," అంది.