బారిడీహ్‌కి వచ్చిన బెల్జియం రాయి

పెట్టె సీలు చెక్కుచెదరలేదు. లోపలి రాయి మాత్రం మారిపోయింది.

సెప్టెంబర్ 18, ఉదయం 7:10. టాటానగర్ బారిడీహ్‌లో పోలరాజు సెలూన్. బెల్జియం నుంచి వచ్చిన పార్సిల్‌ని పోలరాజు కత్తెరతో కోశాడు. కొడుకు హరికిరణ్ ఫోన్లో వీడియో తీశాడు. రావలసింది మంగలి కత్తికి పదును పెట్టే సానరాయి. గనిలోంచి తవ్వి తీసిన అసలు రాయి. లేత పసుపు రంగు.

వచ్చిందీ లేత పసుపు రంగే. పోలరాజు దాని మీద నీళ్లు చిలకరించాడు. బొటనవేలితో రుద్దాడు.

"ఇది కత్తిపీటలు నూరుకునే రాయిరా," అన్నాడు.

రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం 2:15కి, త్రివేణి ఆ సెలూన్ ముందు స్కూటీ ఆపింది.

త్రివేణి కొరియర్ కంపెనీలో ఇన్వెస్టిగేటర్. వినడానికి ఘనంగానే ఉంటుంది. నెలలో ఇరవై రోజులు పగిలిన మిక్సీలకి ఫొటోలు తీయడమే పని. కంప్యూటర్ సైన్స్ చదివింది ఇందుకేనా అని టాటానగర్ రైల్వేలో పనిచేసే వాళ్ల నాన్న ఇప్పటికీ అడుగుతుంటాడు.

ఈసారి మిక్సీ కాదు. ఒక మనిషి ఉద్యోగం.

పార్సిల్ తెచ్చిన బలరామ్‌ని సస్పెండ్ చేశారు. సాయంత్రం అయిదింటికల్లా ఆమె రిపోర్టు వెళ్లాలి. రాయి దారిలో మారిందని తేలితే అతని ఐడీ శాశ్వతంగా బ్లాక్. ఆపైన పోలీస్ కేసు.

బలరామ్ సెలూన్ మెట్టు మీదే కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. పక్కన అతని బైక్. హ్యాండిల్ మీద నారింజ రంగు సింధూరం ఇంకా పోలేదు.

"పదిహేడో తారీఖు హబ్‌లోంచి ఎన్నింటికి బయల్దేరావు?"

"తొమ్మిదీ అయిదు, మేడమ్."

"ఇక్కడికి 11:40. మధ్యలో బిర్సానగర్‌లో నలభై ఎనిమిది నిమిషాలు నీ బైక్ కదల్లేదు. జీపీఎస్ చూశాను. ఏం చేశావు?"

"విశ్వకర్మ పూజ కదా. పందిట్లో బండికి తిలకం ఎట్టించాను. కిచిడీ ఎట్టారు."

"నలభై ఎనిమిది నిమిషాల కిచిడీనా?"

"రెండోపాలి కూడా లైన్లో నిల్చున్నాను."

"పెట్టెలో ఏముందో నీకు తెలుసా?"

"తెలుసు. ఆర్డర్ ఎట్టింది నానే. పోలరాజు బాబాయికి ఫోన్లో కొనడం రాదు."

అడక్కుండానే చెప్పేశాడు. ఇతను వట్టి అమాయకుడైనా అయ్యుండాలి, మహా జాణైనా అయ్యుండాలి. త్రివేణికి రెండో అనుమానమే ఎక్కువైంది.

లోపల రెండు కుర్చీలు. ఒకటి పోలరాజుది, రెండోది హరికిరణ్‌ది. కుర్చీ చేతులకి, అద్దాల అంచులకి, సొరుగులకి, అన్నిటికీ పసుపు పూసి మధ్యలో కుంకుమ బొట్లు. పూజ అయి మూడు రోజులైనా ఎవరూ తుడవలేదు.

పోలరాజు భార్య నూకాలమ్మ టీ ఇచ్చింది. పోలరాజు గ్లాసుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ముందు ఢిల్లీవోడి దగ్గర కొన్నాను తల్లీ. ఫొటోలో బెల్జియం రాయే. పంపింది గచ్చుబండ ముక్క. ఇక్కడోళ్లు వద్దని పై దేశం నుంచి తెప్పిత్తే, ఆడూ అలగే చేశాడు."

"అతను కాదు బాబాయ్." త్రివేణి ఫోన్ చూపించింది. "అతను లేబుల్ మీద వేసిన బరువు 612 గ్రాములు. మా హబ్‌లో ఉదయం 8:50కి తూచినప్పుడూ 612. మీ దగ్గరున్న రాయిని ఆ పెట్టెలోనే పెట్టి తూచారు కదా? 655. అంటే హబ్ దాటేదాకా అసలు రాయే ఉంది."

"అయితే బలరామే," అన్నాడు పోలరాజు. "ఆడి పెళ్లికి గెడ్డం గీసింది నానే."

తండ్రి మాటకి రెండో కుర్చీ దగ్గర నుంచి హరికిరణ్ కల్పించుకున్నాడు. "పాపా, ఛోడో నా, వదిలెయ్యండి. కంప్లెయింట్ వాపస్ తీసుకుందాం. వాడి పడేసే బ్లేడ్లు ఉండగా ఉస్తరా కత్తి ఎవడికి కావాలి? జూన్‌లో మీ కత్తి తగిలి గోవిందరావు అంకుల్ చెవికి మూడు కుట్లు పడ్డాయి. భూల్ గయే క్యా?"

 పోలరాజు గ్లాసు కింద పెట్టేటప్పుడు అది సాసర్ మీద టకటకమంది.

"పార్సిల్ వచ్చింది పదిహేడున. విప్పింది పద్దెనిమిదిన. ఎందుకు ఆగారు?" త్రివేణి అడిగింది.

"నానే వద్దన్నాను," అంది నూకాలమ్మ. "పూజనాడు పనిముట్టు ముట్టుకోకూడదు కదా. పెట్టె అలగే ఉంచి, పైన పసుపు పూసి, కుంకం బొట్టెట్టి, కత్తుల పక్కన ఎట్టాను."

"షాపు ఎప్పుడు మూశారు?"

"ఒంటిగంటకి."

"తాళాలు?"

"రెండు. ఈయన దగ్గరొకటి, మావోడి దగ్గరొకటి."

"ఆ సాయంత్రం ఎవరైనా తెరిచారా?"

"నేను నాలుగు నుంచి ఎనిమిది దాకా మా దోస్తుల పందిట్లో ఉన్నాను," అన్నాడు హరికిరణ్. ఆ ప్రశ్న అతన్నెవరూ ప్రత్యేకంగా అడగలేదు.

త్రివేణి వీడియో తెరిచింది. సీలు, కత్తెర, రాయి. ఇప్పటికి చాలామంది చూశారు. అందరూ రాయినే చూశారు. ఆమె నాలుగో సెకను దగ్గర ఆపింది. పెట్టె మీద, సరిగ్గా టేపు మధ్యలో, నారింజ రంగు చుక్క.

పోలరాజు వంగి చూశాడు. "సింధూరం. బలరామ్ బండి మీదున్నదే."

నిజమే. అదే రంగు. త్రివేణికి కిచిడీ కథ మళ్లీ గుర్తొచ్చింది. టైం 3:05. రిపోర్టు ఇప్పుడే రాసేయొచ్చు.

కానీ రాయలేదు. డెలివరీ ఇవ్వగానే బలరామ్ తీసిన ఫొటో యాప్‌లో ఉంది. టైం 11:40. నూకాలమ్మ చేతుల్లో పెట్టె. త్రివేణి పెద్దది చేసి చూసింది. లేబుల్ మీద పేరు హరికిరణ్, కింద సెలూన్ అడ్రస్. టేపు శుభ్రంగా ఉంది. చుక్క లేదు.

"పిన్నీ, పెట్టె పారేశారా?"

"మంచి అట్టపెట్టె ఎవురన్నా పారేత్తారేటి? దువ్వెనలు ఎట్టాను."

దువ్వెనలు బయటికొచ్చాయి. త్రివేణి పెట్టెని ట్యూబ్‌లైట్ కిందకి తీసుకెళ్లి చాలాసేపు చూసింది. తర్వాత గోటితో టేపు అంచు కొంచెం లేపింది.

4:10కి బలరామ్‌ని లోపలికి పిలిచింది. షట్టర్ సగం దించింది. అందరూ నిలబడే ఉన్నారు. కుర్చీల్లో కూర్చోవడానికి ఎవరికీ మనసొప్పలేదు.

"బాబాయ్, ఇలా చూడండి. టేపు మీద ఏముంది?"

"సింధూరం."

"టేపు కింద?"

పోలరాజు కళ్లజోడు సర్దుకున్నాడు. టేపుకి రెండు అంచుల దగ్గర, అట్ట మీద, ఎండిపోయిన పసుపు మరక. దాని మీదుగా టేపు.

"పసుపు," అన్నాడు మెల్లగా.

"ఆ పసుపు పిన్ని పూసింది. ఎప్పుడు? పార్సిల్ వచ్చాక. టేపు మీద, పక్కన అట్ట మీద కలిపి పూసింది. తర్వాత ఎవరో పాత టేపు పీకారు. మధ్యలో ఉన్న పసుపూ కుంకుమా దాంతోపాటే పోయాయి. అంచుల్లో మిగిలింది. ఇంకొంచెం వెడల్పు టేపు తెచ్చి దాని మీద అంటించారు. పసుపు కొత్త టేపు కిందకి పోయింది."

"నాను 12:25కి పర్సుడీహ్‌లో ఇంకో పార్సిల్ ఇత్తన్నా," అన్నాడు బలరామ్.

"చూశాను. నువ్వు అప్పుడే అనుమానంలోంచి తప్పుకున్నావు." ఆమె నూకాలమ్మ వైపు తిరిగింది. "పిన్నీ, మీరెప్పుడైనా వట్టి సింధూరం పెట్టారా?"

"పసుపు లేకుండా బొట్టేటి తల్లీ?"

"టేపు మార్చిన మనిషికి బొట్టు పోయిందని తెలిసింది. మళ్లీ పెట్టాలి. జేబులో పందిరి ప్రసాదం పొట్లం ఉంది. అందులో సింధూరం ఉంది. అదే పెట్టేశాడు. పందిళ్లలో చూసిన బొట్టే చేతికొచ్చింది, అమ్మ పెట్టే బొట్టు రాలేదు. షాపుకి తాళాలు రెండే."

ఎవరూ హరికిరణ్ పేరెత్తలేదు. అందరూ అతన్నే చూశారు.

అతను తన సొరుగు లాగాడు. బ్లేడ్ల డబ్బాల వెనక నుంచి తువ్వాల్లో చుట్టిన రాయి తీసి అద్దం ముందు పెట్టాడు.

"పాపా చెయ్యి వణుకుతోంది, దీదీ. ఈ రాయి వస్తే మళ్లీ ఉస్తరా పడతారు. ఇంకొకరి చెవి కాదు, గొంతు తెగితే? రాయి నకిలీదని తేలితే ఆయనే మానేస్తారనుకున్నా. సాక్చీ బజార్లో ముందే ఇంకో రాయి కొని ఉంచాను. బలరామ్ భయ్యా మీదకి వస్తుందని సోచా నహీఁ, ఆ ఆలోచనే రాలేదు."

"రెండు రోజులు మెట్టు మీద కూకున్నాను కదా," అన్నాడు బలరామ్. "అప్పుడన్నా సోచలేదేటి?"

హరికిరణ్ తల దించుకున్నాడు. "కంప్లెయింట్ వాపస్ తీసుకోమంటూనే ఉన్నాను."

"అలా వాపస్ తీసుకునుంటే నా మీద దొంగన్న పేరు అలగే ఉండిపోయేది."

పోలరాజు చేతులు ముందుకి చాపాడు. కుడిచెయ్యి సన్నగా వణుకుతోంది. దాచలేదు.

"ఇది నాకు తెలీదనుకున్నావేట్రా? గ్లాసు పట్టుకునేది నానే కదా. జూన్ తర్వాత ఎవురి మీదన్నా కత్తెట్టానా?"

"లేదు."

"మరి రాయెందుకు తెప్పించాను?"

పోలరాజు పెట్టె వైపు వేలు చూపించాడు.

"పెట్టె మీద పేరు చదువు."

త్రివేణి చేతిలోని పెట్టె వైపు చూసింది. హరికిరణ్. ఆ పేరు ఈ రోజే మూడుసార్లు చదివింది. ఫోన్ నంబర్ అతనిదేమోలే అనుకుని వదిలేసింది. ఇన్వెస్టిగేటర్ కూడా రాయినే చూసిందన్నమాట.

"బాబాయే ఆ పేరు రాయమన్నాడు," అన్నాడు బలరామ్.

"పూజ అయ్యాక నీ చేతిలో ఎడదామనుకున్నాను," అన్నాడు పోలరాజు. "నువ్వేమో సొరుగులో ఎట్టుకున్నావు."

హరికిరణ్ తండ్రి వైపు చూడలేకపోయాడు. బలరామ్ దగ్గరికి వెళ్లి చేతులు జోడించాడు.  బలరామ్ ఆ చేతుల్ని కిందకి నెట్టేశాడు.

4:52కి రిపోర్టు వెళ్లింది. రాయి మారింది డెలివరీ తర్వాత, దారిలో కాదు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు పోలరాజు సంతకం. కింద టేపు ఫొటో. ఎవరి చెయ్యి వణికింది, ఎవరికి భయం వేసింది అన్నది త్రివేణి రాయలేదు. ఫారంలో దానికి గడి లేదు.

5:20కి బలరామ్ ఫోన్ మోగింది. ఐడీ యాక్టివ్. అతను ఆ మెసేజ్ రెండుసార్లు చదివి, పోలరాజు కుర్చీలో కూలబడ్డాడు.

"గెడ్డం గీయించుకునే ఎల్తాను."

హరికిరణ్ రాయి మీద నీళ్లు చిలకరించాడు. కత్తి తెరిచి ఆనించాడు. పోలరాజు వెనక నిలబడ్డాడు.

"నొక్కకు. కత్తి బరువే చాలు. వెనక్కి... ఆఁ, అలగ."

రాయి మీద పాలలాంటి తడి తేలింది. బలరామ్ అద్దంలో అది చూసి నిటారుగా లేచి కూర్చున్నాడు.

"ఆగండాగండి. గీసేది వీడా?"

"వీడే."

"అయితే పడేసే బ్లేడు ఎట్టించు బాబాయ్. ఒకే వారంలో రెండోపాలి వీడి మూలాన నా పీక మీదకి రావద్దు."