లింగవ్వ వేసిన దండ

అంతయ్య పరుగెత్తుతున్నాడు!

పెద్దపల్లి స్టేషన్ రోడ్డు. అప్పుడే చీకటి పడింది... అప్పుడే కరెంటు పోయింది.

సైకిల్ స్టాండ్ దాటాడు. రిక్షాల సందులోంచి దూరాడు. వెనక చెప్పుల చప్పుడు... ఇద్దరు!

మధ్యాహ్నం రైస్‌మిల్లు వెనక బుచ్చిరాములును బాలమల్లు పొడిచి చంపేశాడు. చూసింది హమాలీ అంతయ్య ఒక్కడే.

ఇప్పుడు బాలమల్లు పక్కన ఓ కొత్త మనిషి. అంతయ్య ముఖం వాడికి తెలియదు. కానీ పిస్టల్ వాడి దగ్గరే ఉంది!

ప్లాట్‌ఫామ్ మీద కాజీపేట ప్యాసింజర్. కూత వేసింది.

అడ్డంగా గుంపు! మంథని పక్క పల్లె ఒకటి లారీ కట్టించుకుని వచ్చింది. హనుమండ్లు దుబాయి పోతున్నాడు. మెడలో బంతిపూల దండ. చుట్టూ ఏడుపులు. మధ్యలో ఒక్క లాంతరు.

అంతయ్య గుంపులోకి దూరి ఓ ముసలామె చెయ్యి పట్టుకున్నాడు.

"అవ్వా... నన్ను సంపుతరే!"

ఆమె లింగవ్వ, హనుమండ్లు తల్లి. అంతయ్య ముఖం చూసింది. చేతిలో మిగిలిన దండ అతని మెడలో వేసి, తలను భుజానికి అదుముకుంది.

"పోతున్నవా కొడుకా! మల్లెప్పుడొస్తవురా!"

ఆడవాళ్లంతా ఏడుపు అందుకున్నారు.

బాలమల్లు వచ్చాడు. "అవ్వా, గిటు ఎవడన్న ఉరికిండా?"

"నా కొడుకు దుబాయి పోతుంటే, ఎవడు ఉరికిండో సూస్తనారా? జరుగు! దిష్టి మొకమోడా!"

బాలమల్లు ముందుకు పోయాడు.

ఆ భుజం మీద కట్టెపొయ్యి పొగ వాసన. అంతయ్యకు ఊపిరి ఆడింది.

బండి కదిలింది!

అంతయ్య ఎక్కి కిటికీ పక్కన ఒదిగాడు. తలుపులో నిలబడ్డ హనుమండ్లు తన తల్లికి చెయ్యి ఊపుతున్నాడు.

ఒక్కసారిగా... కరెంటు వచ్చింది!

కిటికీలోంచి బాలమల్లు కంటపడ్డాడు అంతయ్య.

"ఆడే! దండేసుకున్నోడు! కొట్టు!"

ప్లాట్‌ఫామ్ చివర కొత్త మనిషి పిస్టల్ ఎత్తాడు. వాడికి కనిపిస్తున్న దండ ఒక్కటే.

తలుపులో ఉన్నది... హనుమండ్లుది!

అంతయ్య తల వంచితే చాలు. బండి ప్లాట్‌ఫామ్ దాటుతుంది. బతుకుతాడు!

బయట లింగవ్వ బండి వెంట పరుగెత్తుతోంది. "పైలం కొడుకా! యాల్లకు తిను!"

అంతయ్య లేచాడు. హనుమండ్లు చొక్కా పట్టి లోపలికి గుంజాడు. తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"రేయ్! అంతయ్యను నేనురా!"

ఢాం!