విద్యావతి గొంతుకు తాళం

విద్యావతి పోయి రెండేళ్లయింది. ఆవిడ గొంతు పోయింది మాత్రం ఆ మంగళవారం పొద్దున.

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో ఆవిడ భర్త సుందరరామయ్య రోజూ కాఫీ తాగుతూ ఆవిడ పాడిన పాటలు వినేవాడు. అవి ఒక డిజిటల్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. వినొచ్చుగానీ దింపుకోవడానికి లేదు. ఇంకెక్కడా కాపీ లేదు.

ఆ పొద్దున తెర మీద ఒకటే మాట. మీకు అనుమతి లేదు.

ఎవరో విద్యావతి అకౌంట్‌లో దూరారు. కాపీరైట్ హక్కుదారుగా ఉన్న ఆయన పేరు తీసేశారు. పాటలన్నీ చెరిపేయమని అర్జీ పెట్టారు. సాయంత్రం ఐదుకు చెరిగిపోతాయి. కోర్టు కాగితం లేనిదే ఆపలేమన్నారు ఆర్కైవ్ వాళ్లు. లేదంటే పెట్టినవాళ్లే వెనక్కి తీసుకోవాలి.

పోలీసు డిటెక్టివ్ రుచిత వచ్చేసరికి నాలుగు దాటింది. పెద్దాయన కాఫీ ముట్టనే లేదు. మీగడ కట్టింది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ఇంట్లో చనువున్నవాళ్లు ఇద్దరే. వరంగల్ నుంచి వచ్చిన మేనల్లుడు వెంకీ, ఐటీ ఉద్యోగి. విద్యావతి దగ్గర పాట నేర్చుకున్న కడపమ్మాయి జయశ్రీ. కంప్యూటర్ చదివినవాడు కదా, అందరి చూపూ వెంకీ మీదే.

రుచిత ఇద్దరినీ కూర్చోబెట్టింది.

“మీ నాన్న వాళ్లమ్మను ఏమని పిలుస్తారు?”

“మేం బాపమ్మ అంటం” అన్నాడు వెంకీ.

“నాయనమ్మ” అంది జయశ్రీ, తల వంచుకునే.

పెద్దాయన తికమకపడ్డాడు. “అదేంటమ్మా, మొన్న మా జేజికి బాలేదని ఏడ్చావుగా?”



పాస్‌వర్డ్ మర్చిపోయానంటే ఆర్కైవ్ అడిగే ప్రశ్న అదేనని రుచిత చెప్పింది. విద్యావతిది కాకినాడ. సరైన జవాబు మామ్మ. అందరూ తలుపు తెరిచిన జవాబునే చూశారు. దానికి ముందు తప్పిన జవాబు కూడా ఆర్కైవ్ చిట్టాలో ఉంది, దాన్ని ఎవరూ చూడలేదు.

“జేజి అని కొట్టారు. మీ కడప వైపు నాయనమ్మను పిలిచే మాట. నోటికి అలవాటైన మాటే ముందు వచ్చింది, కదా జయశ్రీ?”

జయశ్రీ పెద్దాయన వైపు తిరిగింది.

“ప్రతి పాటలో ఎనక గొంతు నాదే. నా పేరు యాడా లేదు అంకుల్. పేరు లేనిది ఉంటేనేం, పోతేనేం?”

ఐదుకు మూడు నిమిషాలుంది.

“నీ గొంతా?” అన్నాడు పెద్దాయన. నిజంగానే తెలియక అడిగాడు.

ఆ మాటకే జయశ్రీ మొహం నల్లబడింది. పాటలు పోతే ఆయనకు అది ఎప్పటికీ తెలియదు. ఫోన్ తీసి అర్జీ రద్దు చేసింది. ఒక పాట పెట్టి ఆయన ముందుకు తోసింది.

“వినండి.”

రెండు గొంతులు. ఇన్నాళ్లూ ఆయన విన్నది ఒక్కటే.

ఆ రెండో గొంతును పోల్చుకుని ఆయన తలెత్తేసరికి, ఆ పిల్ల పోలీసు కారెక్కుతోంది.