ఒక మెట్టు దించి

ఆ సాయంత్రం వార్డులో ఒక్క పిల్లే ఉంది. చెయ్యి విరిగిన పిల్ల, పక్కన కునుకు తీస్తున్న వాళ్ళమ్మ. డ్యూటీ నర్సుని నేను, కిటికీ దగ్గర కూర్చుని ఫుఫూ ముద్ద, ఆకుకూర తింటున్నాను. వాన అప్పుడే పట్టుకుంది. రేకుల మీద ఆ చప్పుడు హాయిగానే ఉంది.

మా కామెరూన్‌లో కొండకి ఇవతల మేం ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళం, అవతల ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు. ఒకటిన్నర రాయాలంటే ఒకటికీ అయిదుకీ మధ్య మేం చుక్క పెడతాం, వాళ్ళు కామా పెడతారు. సంతలో మిరపకాయలమ్మే ముసలమ్మకి కూడా ఈ సంగతి తెలుసు. తెలియనిది మా ఆసుపత్రి కంప్యూటర్‌కే. అవతలి ఆసుపత్రి పంపిన మందు మోతాదులో కామా కనిపిస్తే మింగేసేది. ఒకటిన్నర కాస్తా పదిహేనై మా తెర మీద పడేది.

మాఫో అనే ఆవిడ కూతురు అలాగే పోయింది. మూర్ఛ మందు పదింతలు పడి, నిద్రపోయిన పసిది మళ్ళీ లేవలేదు. ఆసుపత్రి పెద్దలు కూర్చుని విచారించి, జ్వరంతో పోయిందని తేల్చారు. మందు ఎక్కించిన నర్సు సిరీని మాత్రం ఉద్యోగంలోంచి తీసేశారు. తప్పే జరగనప్పుడు ఆమెనెందుకు తీశారని అడిగే దమ్ము మాలో ఒక్కరికీ లేకపోయింది. మాఫో బిడ్డ శవాన్ని వీపుకి కట్టుకుని మోటారుసైకిల్ ఎక్కింది. దారిలో వానకి ఆ బండి లోయలో పడి ఆమే పోయింది.

తరవాత నర్సులమే గుట్టుగా ఒక కట్టడి పెట్టుకున్నాం. అవతలివాళ్ళు పూర్తి అంకె పక్కన కూడా కామా పెట్టి సున్నా చుడతారు. కాబట్టి అటునుంచి ఏ అంకె వచ్చినా ఒక మెట్టు దించాలి. నూట ఇరవై అని వస్తే పన్నెండే ఎక్కించాలి. ఆ కట్టడితో పిల్లలు బతికారు. మా తెలివికి మేమే మురిసిపోయాం.

పొద్దు వాలుతుండగా, అవతలి ఆసుపత్రి మా దగ్గరికి పంపితే, చిందా అనే ఆయన ఏడేళ్ళ కొడుకు లోయిక్‌ని భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. పిల్లాడు మూర్ఛతో కొట్టుకుంటున్నాడు. కళ్ళు పైకి పోయాయి. తెర చూశాను. అవతలి డాక్టరు రాసిన మోతాదు... పన్నెండు.

అంతలో కరెంటు పోయింది. ఫోనూ పలకలేదు.

"వాచ్‌మన్ దగ్గర లాంతరుంది, పట్రా నాయనా," అన్నాను. చిందా చీకట్లోకి పరిగెత్తాడు.

పన్నెండు ఎక్కువనిపించింది. మెట్టు దించితే వచ్చే ఒకటీ చిల్లర తక్కువనిపించింది. కానీ కట్టడి కట్టడే. తడుముకుంటూ సిరంజి తీశాను.

అప్పుడొచ్చింది వాసన. తడిసిన ఎర్రమట్టి వాసన. దాని వెనకే, పసిపిల్లల ఒంటికి రాసే పామ్ గింజల నూనె వాసన. మంచం కాళ్ళవైపు ఎవరో ఆడమనిషి కూర్చుంది.

"తల్లివా? కాళ్ళు కదలకుండా పట్టుకో," అన్నాను.

పట్టుకుంది. ఆమె ఒంటి మీంచి నీళ్ళు కారుతున్నాయి. టప్... టప్...

"అంతా ఎక్కించమ్మా," గుసగుసగా అంది. "కనిపించినంతా..."

మెరుపు మెరిసింది.

ఆమె వీపుకి గుడ్డ కట్టి ఉంది. గుడ్డలోంచి చిన్న తల ఒకటి పక్కకి వేలాడుతోంది. ఆ మొహం నాకు తెలుసు. తల్లి మొహమూ తెలుసు.

మాఫో.

"నీ బిడ్డ పోయిందని... వీణ్ణి కూడా చంపమంటావా?"

"అంతా... వీడికి చాలదమ్మా... అంతా..."

బతిమాలుతోంది. నాకు మాత్రం పగలాగే వినపడింది. ఒకటీ చిల్లర ఎక్కించి సూది తీసేశాను.

లాంతరు వచ్చింది. మంచం దగ్గర ఎవరూ లేరు. కింద మాత్రం నీళ్ళ మడుగు.

"వీడి తల్లేది?" అన్నాను.

"దువాలా పట్నంలో ఉంది సిస్టర్. నేనొక్కణ్ణే తెచ్చాను."

పిల్లాడి వణుకు తగ్గలేదు. చిందా కొడుకు తల పట్టుకుని, "ఇంకొంచెం ఇవ్వమ్మా, ఇంకొంచెం," అన్నాడు. ఇవ్వడానికి నాకు చెయ్యి రాలేదు. కరెంటు వచ్చేసరికి లోయిక్ వణుకూ ఆగింది, ఊపిరీ ఆగింది.

కంప్యూటర్ చూసే నెబా దాన్ని మళ్ళీ నడిపించడానికి వచ్చాడు. మంచం వైపు చూశాడు, తెర వైపు చూశాడు.

"ఎంత ఇచ్చావక్కా?"

చెప్పాను. గోడకి చేరగిలబడ్డాడు.

"మధ్యాహ్నమే బాగుచేశానక్కా. ఇప్పుడు కామా మింగట్లేదు. పన్నెండంటే పన్నెండే."

"మాకో మాట చెప్పాలి కదరా."

"పెద్దలు చెప్పొద్దన్నారు. బాగుచేశామంటే ముందు చెడిందని ఒప్పుకున్నట్టే కదా, నోరు మూసుకో అన్నారు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే జాతి. వాళ్ళ భుజాలు శుభ్రంగా ఉండాలని ఇద్దరు పిల్లలు పోయారు. బతికున్నవాళ్ళు ఒక్కరూ నిజం చెప్పలేదు. చచ్చినావిడ లోయలోంచి లేచొచ్చి చెబితే నేను నమ్మలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

తెల్లవారాక, చెయ్యి విరిగిన పిల్ల వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ మూల మంచం మీది ఆవిడకి ఓ దుప్పటి ఇవ్వండి సిస్టర్. తడిబట్టలతోనే కూర్చుంది పాపం, ఇద్దరు పిల్లలతో."

మూల మంచం ఖాళీగా ఉంది.

"ఇద్దరా?"

"వీపున చంటిదుంది. పెద్దవాణ్ణి, ఏడేళ్ళుంటాయేమో, ఒళ్ళో పడుకోబెట్టుకుంది. సూదేసిన సిస్టర్ పేరేంటనీ, ఆవిడ ఇల్లెక్కడనీ వాడు అడిగాడు. ముద్దుగా అడిగాడు కదా అని చెప్పాను."