ఫారిన్ చుక్కలు

విజయవాడ బస్సు తిరువూరు స్టాండులో ఆగింది. కిటికీ పక్క మనిషి తప్ప అందరూ దిగారు. కండక్టరు భుజం తట్టాడు. ఆ మనిషి పక్కకి ఒరిగిపోయాడు. మెడమీద చిన్న సూదిపోటు.

చనిపోయినవాడు గూఢచారి డిపార్ట్‌మెంటు మనిషి. ఆ సాయంత్రమే హైదరాబాదులో చీఫ్ తలుపులు వేయించి, ఏజెంట్ ఆదిశేషయ్యకి పని అప్పగించాడు.

"పోలియో చుక్కలు. ఒక ఫారిన్ ముఠా తెచ్చింది. వాళ్ళ దేశంలో పిల్లల కాళ్ళు చచ్చుబడ్డాయని నిషేధించిన సరుకు. పారబోస్తే నష్టమని మనకి అమ్ముతున్నారు."

"ఇంతవరకూ ఎవరికీ తెలియలేదా సార్?"

"ముందు పేదపిల్లలకి ధర్మం పేరుతో పోశారు. ఎవరూ అడగలేదు. ధైర్యం వచ్చింది. ఆదివారం కోదండరామయ్య రైసుమిల్లులో అమ్మకం. నాయకుడు డాక్టర్ హెల్మర్. ఒక్క బిడ్డ నోట్లోనూ చుక్క పడకూడదు. ముఠాలో మనవాళ్ళొకరున్నారు. 'వేణువు మోగిందా?' అని అడుగు. 'నెమలిలోనా, తిరువూరులోనా?' అంటే మనవాళ్ళే. నెమలి అంటే వేణువూదే స్వామి గుడి ఉన్న పక్క ఊరు."

"నమ్మవచ్చా?"

"అది నువ్వే తేల్చాలి."

మర్నాడు తిరువూరు వీధుల్లో కొత్త ఐస్‌ఫ్రూట్ బండి తిరిగింది. పెట్టె అడుగున వైర్‌లెస్ సెట్టు, గంటలో కెమెరా. 1976 మే నెల ఎండకి గూఢచారి కన్నా ఐస్‌ఫ్రూట్‌కే గిరాకీ ఎక్కువగా ఉంది.

ఊరిచివర కూలీల పేటలో వెంకాయమ్మ చంటిపిల్లాణ్ణి ఎత్తుకుని బండి దగ్గరికి వచ్చింది.

"సర్కారు ఆసుపత్రిలో చుక్కలు పోస్తారంటగా, పోయిస్తావా అక్కా?" అన్నాడు ఆదిశేషయ్య.

"ఊరికే పోస్తారంట. ఊరికే ఎందుకిస్తారయ్యా? ఆ వంకన పట్టుకెళ్ళి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యటానిక్కాపోతే?"

ఆ ఏడు ఊళ్ళోకి జీపు వస్తే మగాళ్ళు మామిడితోటల్లో దాక్కుంటున్నారు. ఆమె అనుమానాన్ని తప్పు పట్టలేకపోయాడు.

మిల్లు అరుగుమీద కోదండరామయ్య మాట వేరు.

"ఊరికే ఇచ్చే మందు మా మనవరాలు కన్యకకా? ఇది ఫారిన్ సరుకయ్యా!"

"అసలు మందైతే ఐసులో పెడతారంట శెట్టిగారూ. వీళ్ళు ఎండలో సూట్‌కేసులో తెచ్చారు."

"ఐసు అమ్ముకునేవాడివి, అన్నిటికీ ఐసే అంటావు. పోవోయ్!"

ఆదివారం మిల్లు ఆవరణంతా పట్టుపరికిణీలు, సెంటు వాసనలు. హెల్మర్ పక్కన నర్సు రిబ్కా నిలబడింది. నల్ల కళ్ళద్దాలు, తెల్లచీర, ఎర్రటి పెదవులు. ఊరి మగాళ్ళకి ఆ పూట మందు మీదకన్నా ఆవిడ మీదే శ్రద్ధ ఎక్కువ.

ఆదిశేషయ్య ఐస్‌ఫ్రూట్ అందిస్తూ మెల్లిగా అడిగాడు. "వేణువు మోగిందా అమ్మా?"

"నాకు పాటలు రావు," అంది రిబ్కా. ఐస్‌ఫ్రూట్ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆదిశేషయ్య ఆవిడ చేతులకేసి చూశాడు. ఈమె కాదా? లేక మనవైపు ఉన్నట్టే ఉండి అటు అమ్ముడుపోయిందా? బస్సులో సూది గుచ్చింది ఈ చెయ్యేనా?

మొదటి పిల్ల కోదండరామయ్య మనవరాలే. మూడేళ్ళ కన్యకాపరమేశ్వరి తాత ఒళ్ళో కూర్చుని బుద్ధిగా నోరు తెరిచింది. రిబ్కా డ్రాపర్ ఎత్తింది. ఆదిశేషయ్య చెయ్యి జేబులోని రివాల్వర్ మీదకి వెళ్ళింది.

రిబ్కా తలెత్తి సూటిగా అతన్నే చూసింది.

"వేణువు నెమలిలోనా, తిరువూరులోనా?"

అప్పుడు కనిపించింది. హెల్మర్ చేతిమీద జేబురుమాలు. దాని కింద తుపాకి గొట్టం రిబ్కా వెన్నుకి ఆనుకుని ఉంది. తను కాలిస్తే వాడూ కాలుస్తాడు. డ్రాపర్ కొసన చుక్క వేలాడుతోంది. విషమని అరిస్తే నమ్మే నాథుడు లేడు.

ఆదిశేషయ్య రివాల్వర్ వదిలేసి గొంతెత్తాడు.

"శెట్టిగారూ! ఇది గవర్నమెంటు మందేనంట! రేపట్నించి పేటలో ఊరికే పోస్తారంట! తాగినోళ్ళ ఇళ్ళకి ఆపరేషన్ జీపు వస్తదంట!"

కోదండరామయ్య పిల్లని చంకనేసుకుని ఒక్క దూకు దూకాడు. చుక్క మట్టిలో పడింది. పట్టుచీరలన్నీ ఒక్కసారిగా గేటువైపు తిరిగాయి. ఆ తొక్కిసలాటలో హెల్మర్ వెల్లకిలా పడ్డాడు. లేచేలోపు ఐస్‌పెట్టె మూత అతని నెత్తిన పడింది. సీసా మాత్రం రిబ్కా గుప్పిట్లో భద్రంగా ఉంది.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ఆదిశేషయ్య బేడీలు వేస్తూ.

"వీడు నా మీద అనుమానంతో వెనకే ఉన్నాడు. బస్సులో మనవాణ్ణి చంపిందీ వీడే. మీరూ నన్ను అనుమానించారుగా!" కళ్ళద్దాలు తీసింది. కళ్ళు తడిగా ఉన్నాయి. "మా తమ్ముడు రాయప్పకి వీడే ఊరికే పోశాడండి. వాడింకా నేలమీద దేకుతున్నాడు. శెట్టిగారి పిల్లైనా పిల్లే కదా."

హెల్మర్ మోసం సంగతీ, జీపు మాట అబద్ధమనీ ఆదిశేషయ్య ఆ రాత్రే ఇంటింటికీ చెప్పాడు. మర్నాడు ఆసుపత్రికి ఐసులో పెట్టిన అసలు మందు వచ్చింది. రిబ్కాయే పోయడానికి కూర్చుంది. కోదండరామయ్య గుమ్మంలో నిలబడి గొణిగాడు.

"మంచిదేనా? ఖరీదెంత?"

"మీరు ఇచ్చుకోలేరులెండి," అంది రిబ్కా.

ఆయనకి రోషం వచ్చింది. మనవరాలిని అందరికన్నా ముందు కూర్చోబెట్టాడు. పాప చప్పరించి నవ్వింది. వెంకాయమ్మ అదంతా కిటికీలోంచి చూసి లోపలికొచ్చింది.

"శెట్టిగారి పిల్లకీ ఇదే సీసానా?"

"ఇదే."

"మరి మాకెంతమ్మా?"

రిబ్కా నాలుక చివరిదాకా వచ్చిన మాట మింగేసింది. "మీది శెట్టిగారు కట్టేశారు."

"అయితే పొయ్యి తల్లీ," అంది వెంకాయమ్మ.

చీకటిపడే వేళకి వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు గరగరలాడింది. "ఊరంతా పోయించుకున్నారా? ఏం చెప్పి ఒప్పించారయ్యా?"

"అన్నీ చెప్పాం సార్," అన్నాడు ఆదిశేషయ్య. "ఊరికే అన్న ఒక్క మాట తప్ప."